పొట్టంగి చేనికి చిన్న ట్రాక్టరు

పొట్టంగి
4 నవంబరు 2023

చిన్నాన్నకు, తులసి నమస్కారాలు.

ఫోను చేస్తే నీకు వినబడదు. చిన్నమ్మ పక్కన నిలబడి గట్టిగా అరిచి చెప్పేసరికి సగం మాటలు మారిపోతాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదువుకో.

మా ఆయన గౌరీశంకర్‌కి జూన్‌లో ఇక్కడి హైస్కూలుకి బదిలీ అయింది. నేను రాయగడ ఆసుపత్రి ఉద్యోగం మానేశాను. పంతొమ్మిదేళ్ళు సూదులు పొడిచాను, ఇంక చాలనిపించింది. బ్లాక్ ఆఫీసు వెనక ఒక ఇంట్లో అద్దెకున్నాం. ఇల్లు బాగానే ఉంది కానీ మధ్యాహ్నం నుంచే మబ్బు దిగిపోతుంది. ఉతికిన బట్ట రెండు రోజులకి గానీ ఆరదు.

ఇక్కడికి వచ్చాక ప్రతి ఆదివారం నాన్న చేను చూసి వస్తున్నాను. నాలుగున్నర ఎకరాలు. ఇరవై ఒక్క ఏళ్ళుగా నాగలి దిగని నేల ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. తలంబ్రాల పొదలు నాకన్నా ఎత్తు పెరిగాయి. ఆ మధ్య అమ్మ ఎవరికో నీలగిరి వేసుకోమని కౌలుకిచ్చింది కదా, వాళ్ళు చెట్లు కొట్టి పట్టుకుపోయారు, మొదళ్ళు వదిలేశారు. నలభై దాకా లెక్కపెట్టాను. లోపలికి పోవడానికి దారి లేక ఇంకా ఎన్ని ఉన్నాయో తెలీదు.

చిన్నాన్నా, ఆ చేను నేను బాగు చేస్తాను. రాగులు, నూనెకి ఒలిసెలు వేస్తాను. పై మడిలో అల్లం. అమ్మేయమని తమ్ముడు ప్రసాద్ అంటున్నాడు. అమ్మనడిగితే “ఆ నేల పేరు నా ముందు ఎత్తకే” అంది. ఇద్దరి మాటా విన్నాను, నా మాట మార్చుకోలేదు. నిన్ను అడిగేది ఒక్కటే, ఏ ట్రాక్టరు కొనమంటావు?

సెమిలిగుడ నుంచి అద్దె ట్రాక్టరు ఒకటి పిలిపించాను. పెద్దది. రాతి గోడల మధ్య సందు ఐదడుగులే, అది దూరలేదు. గోడ పడగొట్టమన్నాడు డ్రైవరు. ఆ గోడ నాన్న ఒక్కో రాయీ మోసి పేర్చింది, దాన్ని ముట్టుకోను. పైగా మడులు పొట్టివి, పెద్ద బండి తిరగడానికి చోటుండదు. కాబట్టి చిన్నదే కావాలి. ఎన్ని గుర్రాల శక్తి, రెండు చక్రాలదా నాలుగు చక్రాలదా, పొదలు నరకడానికి వెనక ఏం తగిలించాలి, ఇవన్నీ నువ్వే చెప్పాలి. నలభై ఏళ్ళు ట్రాక్టరు మీద కూర్చున్నవాడివి నువ్వుండగా ఇంకెవర్ని అడుగుతాను?

నాన్నలాగా తొందరపడి ఏదీ చేయను. ఆ భయం పెట్టుకోకు.

నీ కూతురులాంటి
తులసి


గుణుపురం
15 నవంబరు 2023

అమ్మి తులసికి, చిన్నాన్న ఎర్రయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ చిన్నమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, నూనె రాయించుకుంటోంది, పథ్యం మాత్రం చేయదు. వరి కోత మొదలుపెట్టిన రోజునే వాన పడింది. తడిసిన కంకులు రోడ్డు మీద ఆరబెట్టి, లారీ వచ్చినప్పుడల్లా తీయడం, మళ్ళీ పరవడం. వంశధారలో నీళ్ళు బాగానే ఉన్నాయి.

ఉద్యోగం మానేసినందుకు నేను ఏమీ అనను. నీ ఇష్టం. కానీ ఆ చేనికి ట్రాక్టరు పనికిరాదు. చిన్నదీ పనికిరాదు, పెద్దదీ పనికిరాదు. అది వాలు నేల. మనుషుల్ని పెట్టి పొదలు కొట్టించి, జత ఎడ్లు మాట్లాడుకుని దున్నించు. లేదంటే మళ్ళీ నీలగిరికే ఇచ్చేయ్. అదీ ఇష్టం లేకపోతే ప్రసాద్ చెప్పినట్టు చెయ్యి.

డ్రైవరు ఎక్కడ దొరుకుతాడు నీకు? మీ ఆయన నడుం నొప్పి మనిషి, స్కూటరు మీదే సరిగా కూర్చోలేడు. కిరాయి డ్రైవరుకి వాలు మీద నడపడం రాదు. వచ్చినవాడు నిలవడు.

నేను వచ్చి చూసేవాణ్ణే, కాళ్ళు సహకరించడం లేదు. ఇంక ఆ ఆలోచన మానుకో.

దీవెనలతో
మీ చిన్నాన్న


పొట్టంగి
2 డిసెంబరు 2023

చిన్నాన్నకు,

చిన్నమ్మకి పథ్యం విషయంలో నా తరఫున గట్టిగా చెప్పు. పెరుగు మానితే నొప్పి తగ్గదు, బరువు తగ్గితే తగ్గుతుంది.

కాళ్ళు సహకరించడం లేదని రాశావు. పోయిన వారం ప్రసాద్ పని మీద గుణుపురం వచ్చాడు. నువ్వు సైకిలు వెనక ఎరువు బస్తా వేసుకుని వంతెన ఎక్కుతుంటే చూశాడట. రాయడమా మానడమా అని ఆలోచించి రాస్తున్నాను.

నాన్న పోయాక నువ్వు పొట్టంగిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. ఆ భూమిలో సగం నీకు రావాలని ఎప్పుడో అన్నావని అమ్మ ఒకసారి నోరు జారింది. నీ మనసులో ఉన్నది అదే అయితే సూటిగా అడుగు. ఇవ్వడానికి నేను వెనకాడను. ఊరికే పనికిరాదు, పనికిరాదు అనకు.

ట్రాక్టర్ల సంగతి. మొన్న కొరాపుట్‌లో ఒక షాపుకి వెళ్ళాం. దేబాశిష్ అని అక్కడ అమ్మకాలు చూసే మనిషి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ కలిపేసి మాట్లాడతాడు. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించి, మాటలు మాత్రం గౌరీశంకర్‌తో మొదలుపెట్టాడు.

“సార్, చిన్నదానికి దమ్ నహీ, బలం లేదు. పండ్ల తోటల కోసం అది. ఖర్చు ఎలాగూ పెడుతున్నారు గదా, నలభై ఐదు గుర్రాలది తీసుకోండి.”

నేను సంచిలోంచి టేపు తీసి ఆ పెద్దదాని వెడల్పు కొలిచాను. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ.

“మా దారి ఐదడుగులు,” అన్నాను.

“గోడ తీసేస్తే సరిపోద్ది మేడం.”

“గోడ తియ్యను. దారికి సరిపడే బండి చూపించు.”

అప్పుడు లేచి వెనక షెడ్డులోకి తీసుకెళ్ళాడు. రెండు చిన్నవి చూశాను. పద్దెనిమిది గుర్రాలది ఒకటి, ముందు చక్రాలకి శక్తి అందదు. రెండోది ఇరవై నాలుగు, నాలుగు చక్రాలూ లాగుతాయి, వెడల్పు నాలుగడుగుల లోపు. సీటు ముందుకి ఎంత జరుగుతుందో కూడా చూశాను, ఎందుకంటే మా డ్రైవరు పొట్టి. అవును, డ్రైవరు కుదిరాడు, ఆ బెంగ నీకు వద్దు. వాలు నేల మీద నేర్పించే పూచీ నాది.

సీటు వెనక ఇనప కమాను ఒకటి ఉంటుంది కదా, బండి దొర్లితే మనిషి నలిగిపోకుండా. అది కావాలంటే వేరుగా బిగించాలట. “అందరూ వద్దంటారు మేడం, కొమ్మలకి తగులుద్ది,” అన్నాడు. ఏం చేయమంటావో రాయి. ఈసారైనా అడిగినదానికి జవాబు చెప్పు.

తులసి


గుణుపురం
13 డిసెంబరు 2023

తులసికి,

మీ అమ్మ పొరబడింది. అన్నయ్య పోయిన నెలలోనే నేను కోర్టు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను, పొట్టంగి చేనులో నాకు ఏమీ వద్దని. ఆ కాగితం మీ అమ్మ పెట్టెలోనే ఉండాలి. ఆ చేను మట్టి నా ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు. ఇంతకన్నా ఇంకేమీ అడగకు. సైకిలు మాట నిజం. సిగ్గుపడుతున్నాను.

నువ్వు వినవు. చిన్నప్పుడూ అంతే. మామిడికాయకి ఉప్పు అద్దొద్దంటే కారం కూడా అద్దుకునేదానివి. కొంటావు గనక చెబుతున్నాను, చెప్పినట్టు చెయ్యి.

ఇరవై నాలుగుదే తీసుకో. నాలుగు చక్రాలూ లాగేదే. వెనక చక్రాలు ఎంత దూరం జరిపితే అంత దూరం జరిపి బిగించమను, ఐదడుగుల సందులో పట్టేదాకా. చక్రాల మధ్య ఎడం ఎంత ఉంటే దొర్లడం అంత తక్కువ. ముందు భాగానికి బరువు కోసం ఇనప దిమ్మలు తగిలించమను. పొదలకి మట్టి తిరగేసే నాలుగడుగుల రోటవేటర్ వాడకు, కొమ్మలు చుట్టుకుంటాయి. వెనక తిరిగే కత్తుల పరికరం ఉంటుంది, ముందు దానితో నరికించు, ఎండిపోయాక రోటవేటర్. వాలుకి అడ్డంగా ఎప్పుడూ నడపకూడదు, పైకీ కిందకీ నడపాలి. మడి చివర తిరిగేటప్పుడు పరికరం కిందకి దించి తిప్పాలి.

ఇనప కమాను లేకుండా బండి షాపు గుమ్మం దాటకూడదు. మడిచేది ఉంటుంది, చెట్ల కింద మడుచుకుని, దాటాక మళ్ళీ ఎత్తుకోవాలి. ఎత్తినప్పుడు సీటు బెల్టు తప్పకుండా పెట్టుకోవాలి. దేబాశిష్ ఏం చెప్పినా ఇది మాత్రం తగ్గించకు.

ఇంక ఆ డ్రైవరు. పొట్టివాడైతే మాన్పించేయ్. బ్రేకు చివరిదాకా నొక్కలేడు, వాలు మీద అదే ప్రాణం తీస్తుంది. ఎవరి మనిషి, ఏ ఊరు? తాగుతాడా? ముందు నా దగ్గరికి గుణుపురం పంపు, వారం రోజులు ఉంచుకుని చూసి చెబుతాను. మీ చిన్నమ్మ భోజనం పెడుతుంది.

మీ చిన్నాన్న


పొట్టంగి
22 జనవరి 2024

చిన్నాన్నకు, నీ పొట్టి డ్రైవరు నమస్కారాలు.

తాగదు. ఊరు పొట్టంగే. మీ అన్నయ్య కూతురు.

నువ్వు ఎంతసేపు అరిచి ఉంటావో నాకు తెలుసు, అరిచేసి ఉంటే ఇక చదువు. ముందే చెబితే వద్దంటావని దాచాను. ఐదడుగుల ఒక అంగుళం మనిషిని. సీటు పూర్తిగా ముందుకి జరిపి, వెనక దిండు పెట్టుకుంటే బ్రేకు నేల దాకా నొక్కగలను. నొక్కి చూపించాకే డబ్బు కట్టాను. సెమిలిగుడలో దేబాశిష్ వాళ్ళ ఖాళీ స్థలంలో పన్నెండు రోజులు నేర్చుకున్నాను. మొదటి రెండు రోజులు అతను పక్కన నిలబడి “మేడం ధీరే, మెల్లగా మేడం” అంటూనే ఉన్నాడు. మూడో రోజు నుంచి వెళ్ళి నీడలో కూర్చున్నాడు. ఇనప కమాను, ముందు దిమ్మలు, చక్రాల ఎడం, అన్నీ నువ్వు రాసినట్టే చేయించాను. ఉత్తరం అతని ముందు పెట్టి ఒక్కొక్కటీ చదివి బిగింపించాను. “ఎవరు మేడం ఈయన, మెకానిక్కా?” అని అడిగాడు. మా చిన్నాన్న అన్నాను.

బండి రాతి గోడల మధ్య సందులోంచి దూరింది. రెండు పక్కలా చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది.

ఇక్కడ కుంతి అని ఒక ఆవిడ ఉంది. పక్క గూడెం మనిషి, నాకన్నా పెద్దది, ఇక్కడి కొండ భాష దేశియా మాట్లాడుతుంది, నాకు సగమే అర్థమవుతుంది. కత్తుల పరికరం కన్నా ముందు ఆమె నడుస్తుంది, పొదల్లో రాళ్ళుంటే కర్రతో కొట్టి చూపిస్తుంది. కింద రెండు మడులు శుభ్రమయ్యాయి. నేల కనబడిన రోజున ఆమె గుప్పెడు మట్టి తీసి వాసన చూసి నా చేతిలో పెట్టింది.

ఇంక నీలగిరి మొదళ్ళు. యాభై మూడు. వచ్చే ఆదివారం నుంచి గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగేద్దామనుకుంటున్నాం. గౌరీశంకర్ ఇప్పటికే గొలుసు తెచ్చాడు. వెనక ఎక్కడ కట్టాలన్నది మాకు సరిగా తెలీదు, కాస్త ఎత్తులో కడితే వేరు పైకి లేస్తుందేమో అని అతని ఊహ. నువ్వేమంటావు?

నెమ్మదిగానే చేస్తాను. నాన్న ఆ రోజు క్లచ్చి తొందరగా వదలకపోతే బతికేవాడని అమ్మ ఎన్నిసార్లు అందో, బండి ఎక్కిన ప్రతిసారీ ఆ మాటే చెవిలో పడుతుంది.

తులసి


గుణుపురం
25 జనవరి 2024

తులసీ,

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. వెంటనే మీ చిన్నమ్మ చేత గౌరీశంకర్‌కి ఫోను చేయించాను, గొలుసు ముట్టొద్దని. సరేనన్నాడట. ఎందుకని అడిగాడు. మీ చిన్నమ్మ చెప్పలేకపోయింది, ఆమెకీ తెలీదు గనక. ఇది పోస్టులో వేయడం లేదు, కొరాపుట్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

ముందు పని మాట. ట్రాక్టరు వెనక కింద, ఇరుసు కన్నా తక్కువ ఎత్తులో ఒక కొక్కెం ఉంటుంది. ఏది లాగినా దానికే కట్టాలి. దాని పైన, పరికరాల్ని పట్టి ఉంచేందుకు ఇంకొకటి ఉంటుంది. దానికి గొలుసు కడితే, మొద్దు కదలకపోతే, వెనక చక్రాలు నేలని పట్టేసుకుంటాయి, బండి ముందుకి పోలేక మూతి పైకెత్తుతుంది. లేచిందని తెలిసేసరికే అది నడిపేవాడి మీదకి వెనక్కి తిరగబడుతుంది. ఎంత నెమ్మదిగా నడిపినా అంతే. ఎంత తెలిసినవాడైనా అంతే.

మీ నాన్న అలాగే పోయాడు. గొలుసు పైన కట్టింది నేను.

నువ్వు అప్పుడు బరంపురంలో నర్సు చదువులో ఉన్నావు. రెండో మడిలో పెద్ద మద్ది మొద్దు ఒకటి ఉండేది. దాన్ని తీయడానికే నా ట్రాక్టరు గుణుపురం నుంచి తీసుకొచ్చాను. కింద కొక్కెం చీల వంగిపోయి ఉంది. బాగు చేయించాలంటే సెమిలిగుడ పోవాలి, ఒక పూట పోతుంది. మర్నాడు నాకు ఇంటి దగ్గర దమ్ము పని. నేను పైదానికి కట్టేశాను. అన్నయ్య సీటు మీదనుంచి వెనక్కి తిరిగి చూశాడు.

“ఎర్రయ్యా, కింద కట్టాలి గదరా,” అన్నాడు.

“ఏటీ అవదు. మీద కడితే ఏరు బేగి లేస్తాది. నువ్వు నడుపు,” అన్నాను.

అతను ముందుకి తిరిగాడు. తమ్ముడి చేతికి ట్రాక్టరు పని తెలుసని అతని నమ్మకం. చిన్న గేరులో పెట్టాడు. క్లచ్చి నెమ్మదిగా వదిలాడు. నేను కళ్ళారా చూశాను తులసీ, ఎంతో నెమ్మదిగా వదిలాడు. ముందు చక్రాలు మోకాలెత్తు లేచాయి. నేను అరిచాను. అతను విన్నాడో లేదో తెలీదు.

జనం వచ్చి ఎలా జరిగిందని అడిగారు. నా నోట్లోంచి వచ్చిన మాట, “క్లచ్చి తొందరగా ఒగ్గీసేడు.” ఒక్కసారే అన్నాను. ఆ తర్వాత నేను అనక్కర్లేకపోయింది, అందరూ అన్నారు. పోతురాజు తొందర మనిషి అన్నారు. మీ అమ్మ కూడా అదే పట్టుకుని ఏడ్చింది, అదే పట్టుకుని తిట్టింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇరవై ఒక్క ఏళ్ళు గడిపేశాను.

ఆ చేనికి ట్రాక్టరు వద్దన్నది ఇందుకు. రానన్నది ఇందుకు. నిన్ను ఏమీ కోరను. గొలుసు మాత్రం కట్టకు.

ఎర్రయ్య


పొట్టంగి
5 మార్చి 2024

చిన్నాన్నకు,

ఐదు వారాలయింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఉత్తరం రాకపోతే ఏదో జరిగిందని నువ్వు భయపడతావని గౌరీశంకర్ రెండుసార్లు అన్నాడు. భయపడనీ అన్నాను. అది కోపంలో అన్న మాట.

నీ ఉత్తరం చేనులోనే చదివాను. చదివి ట్రాక్టరు దిగి వెనక్కి వెళ్ళి ఆ రెండు కొక్కేలూ చూశాను. వాటి మధ్య ఎడం మూరెడు ఉంటుందేమో.

పది రోజులు బండి తీయలేదు. నీ మీద కోపం నువ్వు అనుకునే చోట లేదు చిన్నాన్నా. ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను, చేతి తప్పు ఎలా జరుగుతుందో నాకు తెలుసు. తెలిసినవాళ్ళే చేస్తారు, తొందర్లో ఉన్నప్పుడు చేస్తారు. నా కళ్ళ ముందే జరిగాయి. కానీ తప్పు చేసినవాళ్ళు దాన్ని రోగి మీద వేయడం నేను ఒప్పుకోలేను. నువ్వు వేశావు. మా నాన్న మీద వేశావు.

అది ఎంత దూరం వచ్చిందో నీకు తెలీదు. పెళ్ళి చూపుల్లో మావయ్యగారు నాన్న ఎలా పోయారని అడిగితే, తొందర మనిషి అండీ అని నేనే చెప్పాను. నవ్వుతూ చెప్పాను. ఆయన రక్తం నాలో ఉంది, ఆ తొందర నాలోనూ ఉంటుందేమోనని, ఒక్కో మందు సీసా మీద పేరు మూడుసార్లు చదివేదాన్ని. తోటి నర్సులు విసుక్కునేవాళ్ళు. ఇన్నాళ్ళూ లేని జబ్బుకి కాపలా కాశాను.

మొదళ్ళు తీశాం. గొలుసు కట్టలేదు. కుంతీ, ఆమె గూడెం ఆడవాళ్ళు ఆరుగురూ, నేనూ. గునపాలతో చుట్టూ తవ్వి, వేర్లు నరికి, దొర్లించి. ఒక్కోదానికి సగం పూట పట్టింది. ముప్ఫై ఒకటి అయ్యాయి. మిగిలినవాటికి చిగుళ్ళు నరికేస్తూ ఉంటే వాటంతట అవే చచ్చిపోతాయని కుంతి అంది. వాటి చుట్టూ తిప్పి దున్నుతాను.

ట్రాక్టరు అమ్మను. చేను వదలను. నువ్వు అడక్కపోయినా చెబుతున్నాను.

అమ్మకి ఇంకా తెలీదు. నేను చెప్పను. ఫోనులో చెప్పను, ఉత్తరం రాయను, ప్రసాద్ చేత చెప్పించను. అది నీ పని. రాయగడ వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడి నువ్వే చెప్పాలి. చెప్పాక నాకు రాయి. అప్పటిదాకా రాయకు.

తులసి


గుణుపురం
24 మార్చి 2024

తులసికి,

పోయిన గురువారం రాయగడ వెళ్ళాను. ముందు మీ చిన్నమ్మకి చెప్పాను. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టి “ఎల్లిరా” అంది.

ప్రసాద్ పనికి వెళ్ళిపోయాడు. మీ అమ్మ ఒక్కతే చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి కుర్చీ లాగబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను. నాకు వినబడదు గనక గట్టిగా మాట్లాడతాను కదా, పక్కింటివాళ్ళకి కూడా వినబడి ఉంటుంది. వినబడనీ అనుకున్నాను. నీకు రాసింది రాసినట్టే చెప్పాను, అన్నయ్య అన్న మాట, నేను అన్న మాట.

మీ అమ్మ చేతులు ఆగిపోయాయి. తర్వాత తలెత్తింది. ఆమె పెదాలు చూసి మాట పట్టుకున్నాను.

“ఆయన నెమ్మదిగానే నడిపేడా?”

“నెమ్మదిగానే నడిపేడు వదినా.”

“కింద కట్టమన్నాడా?”

“అన్నాడు. నానే ఇన్నేదు.”

“మళ్ళీ సెప్పు.”

“నెమ్మదిగానే నడిపేడు వదినా. కింద కట్టమన్నాడు.”

మూడుసార్లు చెప్పించుకుంది. లేచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, తాగాను. అప్పుడు అంది, “ఇరవై రెండేళ్ళనుండి ఆయన పొటో ముందు నిలబడి తిడతన్నాను ఎర్రయ్యా. దీపం ఎట్టీసి మరీ తిడతన్నాను.” నన్ను ఏమైనా అంటుందని చూశాను. “ఇంక ఎల్లు,” అంది.

వచ్చేశాను. అంతే జరిగింది. తర్వాత ఆమె ఎలా ఉందో నాకు తెలీదు, అడిగే మొహం లేదు. నువ్వు చెప్పమన్నావు గనక చెప్పాను. నువ్వు చెప్పమనకపోతే చెప్పేవాణ్ణి కాదు, అది కూడా నీకు తెలియాలి.

వేసవిలో ట్రాక్టరు రేడియేటరు నీళ్ళు రోజూ పొద్దున్నే చూసుకో.

ఎర్రయ్య


పొట్టంగి
20 జూన్ 2024

చిన్నాన్నకు, తులసి నమస్కారాలు.

మూడు నెలలు నిన్ను కనిపెట్టుకుని ఉండేలా చేశాను. అమ్మ ఏం చేస్తుందో చూసి రాద్దామని ఆగాను.

ఏప్రిల్, మే అంతా అమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదని ప్రసాద్ చెప్పాడు. పోయిన మంగళవారం పొద్దున సంచి సర్దుకుని “పొట్టంగి పోవాల” అందట. ప్రసాద్ బస్సులో తీసుకొచ్చాడు. చేను చూస్తుందనుకుని నేను ట్రాక్టరు కడిగి పెట్టాను. చేనుకి రానంది. “సంత ఎప్పుడు?” అని అడిగింది.

సంత రోజున నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. గణపతిరావు గుర్తున్నాడా, ఇనప సామాన్ల కొట్టు? ఇప్పుడు కొడుకు చూస్తున్నాడు, ఆయన లోపల కుర్చీలో కూర్చుంటాడు. అమ్మ నేరుగా లోపలికి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“నాను పోతురాజు పెళ్ళాన్ని. మా ఆయన తొందరపడి పోయేడని అప్పుడు నీతో సెప్పేను. అది అబద్ధం. నెమ్మదిగానే నడిపేడు. గొలుసు మీద కట్టడం వల్ల బండి తిరగబడింది. నువ్వు ఈ మాట ఎవరెవరితోటి అన్నావో ఆళ్ళందరికీ ఇది సెప్పు.”

ఆయన తెల్లబోయాడు. “ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ?” అన్నాడు.

“ఇప్పుడే తెలిసింది గనక.”

అక్కడినుంచి టీ కొట్టు, తర్వాత విత్తనాల షాపు, తర్వాత అప్పట్లో మనింటి పక్కన ఉండే ముసలమ్మ. ఆమెకి దేశియా తప్ప రాదు, అమ్మ దేశియా మర్చిపోయింది. కుంతి ఎక్కడనుంచి వచ్చిందో వచ్చింది, అమ్మ మాట నేను నాకు వచ్చినంత దేశియాలో కుంతికి చెప్పాను, కుంతి ముసలమ్మకి చెప్పింది. మొత్తం ఏడు చోట్ల. అన్ని చోట్లా అవే మాటలు, ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. బతికి ఉన్నవాళ్ళు ఆ ఏడుగురే దొరికారు. చచ్చిపోయినవాళ్ళ గురించి అమ్మ బాధపడింది, “ఆళ్ళు అలాగే అనుకుని పోయేరు గదే,” అంది.

విత్తనాల షాపు ఆయన ఒక ప్రశ్న అడిగాడు. “గొలుసు ఎవరు కట్టేరు పిన్నీ?” అని.

చిన్నాన్నా, నేను అమ్మ మొహం వైపు చూశాను. అమ్మ నీ పేరు చెబితే నేను ఆపలేను. ఆపాలని కూడా అనుకోలేదు.

అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. తర్వాత అంది, “మా ఇంటి మనిసే కట్టేడు. కావాలని కట్టనేదు.”

అంతే అని బయటికి నడిచింది. ఇంటికొచ్చాక అన్నం పెట్టుకుని తిని, “ఇప్పుడు సేను సూపించు,” అంది. చూపించాను. మొదళ్ళు తీసిన గోతుల దగ్గర ఒక్కొక్కచోట నిలబడింది. నన్ను ట్రాక్టరు నడపమని, గట్టు మీద కూర్చుని చూసింది. ఒక మడంతా దున్నాను. దిగాక నా భుజం మీది మట్టి దులిపి, “నెమ్మదిగానే నడిపేవు,” అంది.

నీ మీద నా కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది, మన ఇంట్లో అబద్ధాలు చాలు. కానీ మళ్ళీ నిన్ను సలహా అడగాలని ఉంది, పైమడిలో ఒక పక్క నీరు నిలుస్తోంది, దానికి కాలవ ఎటు తీయాలో ఉత్తరంలో చెబితే తెలీదు.

ఈ నెల ముప్ఫయ్యో తారీకు ఆదివారం రాగి విత్తనం చల్లుతున్నాం. అమ్మ అప్పటిదాకా ఇక్కడే ఉంటానంది. నిన్ను పిలవమని ఆమె అనలేదు, పిలవొద్దనీ అనలేదు. నేను పిలుస్తున్నాను. చిన్నమ్మని కూడా తీసుకుని శనివారం సాయంత్రానికి వచ్చేయ్. బస్టాండు దగ్గర నేను ఉంటాను.

రామతులసి
పోతురాజు కూతురు